రంగు మొగానికి, బెల్లానికి కాదు

(ఇంటి పెద్దలను తలుచుకోవడానికి తిరుపతిలో ఒక సాయంత్రం కొందరు కలిసినప్పుడు ఒక కెమిస్ట్రీ అధ్యాపకురాలు చేసిన ప్రసంగం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడినవాళ్ళు ముందుకు రండమ్మా, ఈ పక్క కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. పెద్దాయనా, మీరు ఇట్లా ఫ్యాను కిందికి రండి.

నేను రోజూ మాట్లాడి బతికేదాన్ని. ఇరవై ఏళ్ళు దాటింది ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పబట్టి. అయినా ఈ రోజు పొద్దున్నుంచీ టెన్షన్‌గానే ఉంది. ఎందుకంటే మా తాత గురించి ఇంట్లో మాట్లాడుకుంటాం, పొలం గట్టు మీద మాట్లాడుకుంటాం, ఆయన పోయాక మరీ ఎక్కువ మాట్లాడుకుంటున్నాం. కానీ ఇట్లా నలుగురి ముందు నిలబడి ఎప్పుడూ మాట్లాడలేదు. ఎక్కడ మొదలుపెట్టాలో రాత్రంతా ఆలోచించాను. చివరికి బెల్లంతోనే మొదలుపెడదామనుకున్నాను.

మీలో ఎంతమంది బెల్లం వండటం కళ్ళారా చూశారు? చేతులెత్తండి. ఐదు, ఆరు. ఆ చివర ఇంకో చెయ్యి. అన్నీ పెద్దవాళ్ళవే. పిల్లలవి ఒక్కటీ లేదు. చూడండి, మన ఉమ్మడి చిత్తూరు జిల్లా బెల్లం జిల్లా. బెల్లం అంటే రాష్ట్రంలో అందరూ అనకాపల్లి అంటారు. కానీ చిత్తూరు బెల్లం మండీ కూడా చిన్నదేమీ కాదు. తమిళనాడు వ్యాపారులు వచ్చి కొనుక్కుపోయేవాళ్ళు. ఆ మండీకి మా తాత అరవై ఏళ్ళు బెల్లం తోలాడు.

అరవై ఏళ్ళు బెల్లం వండాడు. ముప్పై రెండేళ్ళు మా ఊరి భారతంలో అర్జునుడు వేషం కట్టాడు. ఆయన జీవితం అంతా ఈ రెండింటి మధ్యే. ఆ రెండూ నాకు వేరువేరుగా కనపడవు. అది ఎందుకో చెప్పడానికే వచ్చాను.

ఆయన ఏ సంవత్సరం పుట్టాడో ఎవరూ రాసిపెట్టలేదు. అడిగితే, "కొండకి బస్సు రోడ్డు పడిన ఏడు నాకు పదేండ్లు" అనేవాడు. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు వచ్చింది 1944లో. అంటే 1934 ప్రాంతంలో పుట్టి ఉంటాడు. రోడ్డు పడిందని ఊరంతా చెప్పుకుంటుంటే, వాళ్ళ నాయన మాత్రం ఆయన్ని నడిపించే తీసుకెళ్ళాడట. మాది ఐరాల పక్క పల్లె. అక్కణ్ణించి చంద్రగిరి, చంద్రగిరి నుంచి శ్రీనివాస మంగాపురం, అక్కడ శ్రీవారి మెట్టు. రెండు రోజుల నడక. ఆ తర్వాత తాత ప్రతి ఏడూ గానుగ ఆగినాక అదే దారిలో నడిచి కొండకు పోయేవాడు. కాళ్ళు సహకరించినన్నాళ్ళూ పోయాడు. వెళ్ళేటప్పుడు గుడ్డలో ఒక బెల్లం అచ్చు కట్టుకుని పోయేవాడు. దారిలో ఆకలేస్తే కొంత కొరుక్కుని, నీళ్ళు తాగి, మళ్ళీ నడక. మూడో తరగతితో చదువు ఆపేశాడు. కానీ పద్యాలు ఎన్ని వచ్చో లెక్కలేదు, అన్నీ విని నేర్చుకున్నవే.

సరే, బెల్లం సంగతి. మార్గశిరంలో గానుగ మొదలయ్యేది. నా చిన్నప్పుడే ఎద్దుల గానుగ పోయి ఆయిల్ ఇంజను వచ్చింది. ఎద్దులతో ఆడించినన్నాళ్ళూ తాత రాత్రి రెండింటికే లేచేవాడని అవ్వ చెప్పేది. నేను చూసింది మూడింటికి లేవడం. లేచి, బావి కాడ స్నానం చేసి, పొయ్యికి దండం పెట్టుకుని, అప్పుడు నిప్పు పెట్టేవాడు. గర్భగుడిలో దీపం వెలిగించే అర్చకుడు ఎంత నెమ్మదిగా చేస్తాడో అంత నెమ్మదిగా.

నూరు కిలోల చెరుకు ఆడిస్తే బెల్లం పది కిలోలు వస్తుంది. కాస్త అటూఇటూ. రసం కొప్పెరలో పోసి మరగబెడితే, ఐదో వంతు మిగిలేదాకా ఆ నీరంతా ఆవిరైపోవాలి. దాదాపు మూడు గంటలు. అంతసేపూ ఆయన కొప్పెర వదిలి కదిలేవాడు కాదు. మొదట కాస్త సున్నపు తేట వేసేవాడు. తర్వాత బెండ చెట్టు కాడలు దంచి నానబెట్టిన జిగురు నీళ్ళు పోసేవాడు. ఆ జిగురు రసంలో మురికినంతా పట్టుకుని తెట్టెలా పైకి తెస్తుంది. దాన్ని తీసేయాలి. మళ్ళీ వస్తుంది, మళ్ళీ తీసేయాలి. మళ్ళీ, మళ్ళీ. చూసేవాళ్ళకు విసుగు. ఆయనకు లేదు. పొంగు వస్తే నాలుగు చుక్కలు ఆముదం వేసేవాడు, టక్కున అణిగిపోయేది.

ఇక పాకం చూడటం. ఇది వినండి పిల్లలూ. చేతి వేళ్ళు చన్నీళ్ళలో ముంచి, ఉడికే పాకంలో పెట్టి, కొంచెం తీసుకుని, వెంటనే మళ్ళీ చన్నీళ్ళలో ముంచేవాడు. కన్ను మూసి తెరిచేలోపల అయిపోయేది. వేళ్ళ మధ్య ఉండ కడితే దించొచ్చు. సాగితే ఇంకా కావాలి. నేను డిగ్రీలో ఉన్నప్పుడు ఒక థర్మామీటరు కొనుక్కుని పోయాను. ఆయన "ఆయె, దించండి" అన్నప్పుడల్లా చూశాను. మొదటి కొప్పెర, 118 డిగ్రీలు. రెండోది, 118. మూడోది, 118కి ఒక గీత తక్కువ. అచ్చు బెల్లానికి పుస్తకాల్లో రాసిన వేడి కూడా ఆ దగ్గరే. తాతకు చూపించాను. "ఆ గాజుపుల్లకి అంతా తెలుస్తాదా పాపా?" అని తీసుకుని, అటూఇటూ తిప్పి చూసి, జాగ్రత్తగా తుడిచి ఇచ్చాడు. ఆ తుడవటం నాకు బాగా గుర్తు. పనిముట్టు అనేది ఎవరిదైనా సరే, ఆయన తుడవకుండా తిరిగిచ్చేవాడు కాదు.

ఆ వేళ్ళు అలా కాలీ కాలీ నున్నగా అయిపోయాయి. తర్వాతెప్పుడో ఆధార్ కార్డు కోసం తీసుకెళ్తే వేలిముద్ర పడలేదు. మిషను మీద పెట్టాం, తుడిచి పెట్టాం, నూనె రాసి పెట్టాం. పడలేదు. ఆ పిల్లవాడు పాపం ఓపికగా చాలాసేపు ప్రయత్నం చేశాడు. తాత తన వేళ్ళు వెలుతురుకు పట్టి చూసుకుంటూ, "గీతలన్నీ కొప్పెర తినేసినాది" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆయనకు మాత్రం బాధేం లేదు.

ఇప్పుడు భారతం గురించి. మీరంతా తిరుపతిలో ఉంటున్నారు గానీ చాలామంది పల్లెలవాళ్ళే. చిత్తూరు వైపు పల్లెల్లో ఎండాకాలం భారతం జరుగుతుంది, మీకు తెలుసు. ద్రౌపదమ్మ గుడి, ధర్మరాజుల గుడి ఉన్న ఊళ్ళలో కొన్నిచోట్ల పద్దెనిమిది రోజులు, కొన్నిచోట్ల ఇంకొంచెం తక్కువో ఎక్కువో. మధ్యాహ్నం హరికథ. రాత్రి తెల్లారేదాకా వీధినాటకం. బకాసురుడికి బండి తోలుతారు. ద్రౌపదమ్మ పెళ్ళి చేస్తారు. చివరి రోజు మట్టితో కొండంత దుర్యోధనుణ్ణి చేసి పడుకోబెట్టి, భీముడు తొడ కొడతాడు. ద్రౌపదమ్మ జుట్టు ముడి వేసుకుంటుంది. ఆ సాయంత్రం నిప్పులు తొక్కుతారు. ఇదంతా నాటకమా, జాతరా, పూజా? మూడూ. విడదీయలేరు.

అందులో ఒక రోజు అర్జున తపస్సు. అరణ్యపర్వంలో పాశుపతాస్త్రం కోసం అర్జునుడు శివుడి గురించి తపస్సు చేస్తాడు కదా, అది. ఊరి బయట మైదానంలో ఒక పొడుగాటి మాను పాతుతారు. తపస్సు మాను. మా ఊళ్ళో నలభై అడుగులకు పైనే ఉండేది. మెట్లలాగా అడ్డకర్రలు కొడతారు. అర్జునుడి వేషం కట్టినాయన ఒక్కో మెట్టుకూ పద్యం పాడుకుంటూ ఎక్కుతాడు. కింద పిల్లలు లేని ఆడవాళ్ళు తడిబట్టలతో మాను చుట్టూ సాష్టాంగపడి ఉంటారు. గంటలకొద్దీ, ఎండలో. అర్జునుడు పైకి పోయి, పూజ చేసి, పైనుంచి నిమ్మకాయలు, విభూది, పూలు విసురుతాడు. అవి మీద పడితే సంతానం కలుగుతుందని నమ్మకం.

మా తాత ముప్పై రెండుసార్లు ఎక్కాడు ఆ మాను. ఇరవై ఎనిమిదేళ్ళప్పుడు మొదలుపెట్టి అరవై ఏళ్ళప్పుడు ఆపాడు. దీక్షకు చేతికి కాపు కట్టిన రోజు నుంచీ ఒక్కపొద్దు. సంగటి ఒక పూట, మజ్జిగ ఒక పూట. చాప మీద పడక. ఎవరినీ మాట అనేవాడు కాదు, ఎవరైనా అన్నా బదులు చెప్పేవాడు కాదు. పగలు చెరుకు తోటకు నీళ్ళు కట్టేవాడు, రాత్రి వేషం. వేషం ఉందని పని ఆపిన రోజు లేదు. పని ఉందని వేషం తప్పించిన రాత్రీ లేదు.

మాను నాటే ముందు రోజు ఆయనే పోయి దాన్ని కడిగేవాడు. మొదలు నుంచి కొస దాకా. అడ్డకర్రలు ఒక్కోదాన్నీ చేత్తో లాగి చూసేవాడు. నేనొకసారి అడిగాను, "పడతావని భయమా తాతా?" అని. "నేను పడితే నా కాలు ఇరుగుతాది పాపా. కింద పడుకోనుండే ఆడబిడ్డల మీద పడితే?" అన్నాడు. అప్పటికి నాకు పదేళ్ళు. మాను ఎక్కేవాడికి కింద ఎవరున్నారో గుర్తుండాలని అప్పుడు అర్థం కాలేదు.

ఇంకో సంగతి. నిమ్మకాయలు విసిరేటప్పుడు కింద ఎంత ఆత్రంగా ఉంటుందో ఊహించుకోండి. మా వీధి వాళ్ళు, మా చుట్టాలు, డబ్బున్నవాళ్ళు, లేనివాళ్ళు. "మా కోడలు తూర్పు పక్కన పడుకుంటాది, కొంచెం చూసి ఇసురు" అని ముందే వచ్చి చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. తాత సరే అనడు, కాదు అనడు. నేను అడిగాను, "ఎవరి వైపు విసిరావు?" అని. ఏమన్నాడో తెలుసా? "కండ్లు మూసుకోని ఇసిరినా. చూసి ఇసిరితే నేను ఇచ్చినట్టయితాది గదా."

నేను కెమిస్ట్రీ చెప్పే మనిషిని. నిమ్మకాయ మీద పడితే పిల్లలు పుడతారని నేను చెప్పను. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఇక్కడ ముగ్గురు నలుగురు ఉన్నారు, వాళ్ళకు తెలుసు. పిల్లలు లేకపోవడానికి కారణం ఆడవాళ్ళలోనూ ఉండొచ్చు, మగవాళ్ళలోనూ ఉండొచ్చు. డాక్టరు దగ్గరికి ఇద్దరూ పోవాలి. ఇది గట్టిగా చెబుతాను. కానీ ఒకటి మాత్రం చూశాను. ఏడాది పొడుగునా గొడ్రాలు అనిపించుకున్న మనిషి, శుభకార్యాల్లో వెనక్కి జరిగి నిలబడే మనిషి, ఆ ఒక్క రోజు ఊరి నడిమధ్య ఉంటుంది. ఊరు మొత్తం ఆమె కోసం ఎండలో నిలబడుతుంది. మా తాత పైనుంచి చూసింది వాళ్ళనే. దిగి వచ్చాక ఆ రాత్రి ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అవ్వ మజ్జిగ ఇస్తే తాగి, గుడి అరుగు మీద కూర్చునేవాడు.

ఇక రంగు సంగతికి వస్తాను. ఆ మాట చెప్పకపోతే నేను వచ్చిన పని కానట్టే.

వీధినాటకంలో వేషానికి ముఖానికి అర్దళం అనే రంగు పూస్తారు, పసుపుపచ్చగా మెరుస్తుంది. కనుబొమలకు మసి. భుజకీర్తులు, కిరీటం, కాళ్ళకు గజ్జెలు. తాత తన రంగు తనే వేసుకునేవాడు. చిన్న చేతి అద్దం పెట్టుకుని, ఒక గంట. నేను పక్కన కూర్చుని చూసేదాన్ని. చూస్తుండగానే తాత పోయి అర్జునుడు వచ్చేవాడు.

అదే రోజుల్లో మండీలో బెల్లానికి రంగు మొదలైంది. తాత బెల్లం నల్లగా ఉండేది. నలుపు అంటే బొగ్గు నలుపు కాదు, ముదురు చింతపండు రంగు. చెరుకులోనే రంగునిచ్చే పదార్థాలు ఉంటాయి, పైగా ఇనుప కొప్పెర, మూడు గంటల మంట. రంగు రాకుండా ఎట్లా ఉంటుంది? కానీ కొనేవాళ్ళకు బంగారంలాగా మెరిసే బెల్లం కావాలి. అందుకని కొందరు పాకంలో ఒక పొడి వేయడం మొదలుపెట్టారు. హైడ్రోస్ అంటారు. సోడియం హైడ్రోసల్ఫైట్. బట్టల మిల్లుల్లో రంగు తీయడానికి వాడే సరుకు. కాస్త పడితే చాలు, ముదురు రంగు పోయి పసుపుపచ్చగా అవుతుంది. కానీ ఆ రంగు నిలవదు. నిల్వ ఉంచితే గాలి తగిలి మళ్ళీ నల్లబడుతుంది. బెల్లంలో సల్ఫైటు అనే గంధకపు లవణం మిగులుతుంది. ఉబ్బసం ఉన్నవాళ్ళకు అది చాలా చెరుపు. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, బెల్లం కొనేటప్పుడు తెల్లగా ఉందని మోజుపడకండి. నల్లగా ఉందని పక్కన పెట్టకండి.

నల్లబెల్లానికి ధర తక్కువ. అంతే కాదు, నల్లబెల్లం అంటే నాటుసారాకే అని ఒక అనుమానం కూడా ఉండేది. దాని మీద ఆంక్షలు పెట్టిన రోజుల్లో తాత బండిని ఆపి, ఎవరికి, ఎంత, ఎందుకు అని అడిగారు. జీవితంలో సారా చుక్క తాగనివాడు, వయసులో చిన్నవాళ్ళ ముందు చేతులు కట్టుకుని నిలబడి జవాబు చెప్పాడు. పొడి వేసిన బెల్లం బండి పక్కనుంచి హాయిగా పోయింది. ఆ రోజు బండి మీద నేనూ ఉన్నాను. అది నేను మరిచిపోలేదు.

మా నాయన ఈ పట్టుదలతో చాలా నలిగిపోయాడు. ఇది కూడా చెప్పాలి. తాతను దేవుణ్ణి చేసి చెప్పి పోవడం నాకు ఇష్టం లేదు. మా అత్త పెళ్ళి రెండేళ్ళు వెనక్కి పోయింది. బోరు వేయించడానికి అప్పు చేయాల్సి వచ్చింది. పక్క గానుగ వాళ్ళు మేడ కట్టారు, మాది పెంకుటిల్లే. "నువ్వొక్కడివి ఎయ్యకపోతే లోకం మారతాదా?" అని నాయన అడిగేవాడు. న్యాయమైన ప్రశ్నే. తాత దగ్గర దానికి జవాబు లేదు. "మొగానికి రంగేసుకుంటే అది వేషమని చూసేవాళ్ళకి తెలుసు. బెల్లానికేస్తే తినేవాళ్ళకి తెలీదు" అనేవాడు. ఎప్పుడడిగినా అదే మాట. అంతకన్నా ఇంకేం చెప్పేవాడు కాదు.

1996లో తాత పలమనేరులో దగ్గరి బంధువు పోతే మూడు రోజులు వెళ్ళాడు. ఆ మూడు రోజుల్లో నాయన పొడి తెప్పించి వేశాడు. పది కొప్పెరలు. ఎనిమిది వందల కిలోలు. తాత తిరిగొచ్చి గానుగ కాడ అచ్చులు చూశాడు. పసుపుపచ్చగా, చూడటానికి ఎంత బాగున్నాయో. చిన్న ముక్క తీసి నాలుక మీద వేసుకున్నాడు. కాస్త ఉప్పగా తగులుతుంది ఆ బెల్లం. నేను డిగ్రీ మొదటి సంవత్సరం, సంక్రాంతి సెలవులకు వచ్చి అక్కడే ఉన్నాను. ఇప్పుడు అరుస్తాడు, ఇప్పుడు కొడతాడు అని చూస్తున్నాను. అరవలేదు. ఉమ్మేసి, నోరు కడుక్కుని, తానే మూటలు కట్టి మండీకి తీసుకుపోయాడు. పోయి వ్యాపారికి చెప్పాడు, "దీంట్లో పొడి ఉండాది" అని. ఆ వ్యాపారి, "అందరిదాంట్లోనూ ఉండేదే కదప్పా" అని, మామూలుగా తాతకు ఇచ్చేదానికన్నా కిలోకు రూపాయి ఎక్కువ వేసి ఇచ్చాడు. ఆ ఏడాది గానుగ ఆగేదాకా తండ్రీ కొడుకులు మాట్లాడుకోలేదు. మా నాయన మళ్ళీ ఎప్పుడూ పొడి వేయలేదు. తాత కూడా ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

2009లో తాతను మహాబలిపురం తీసుకెళ్ళాను. అక్కడ పెద్ద బండ మీద పల్లవులు చెక్కించిన తపస్సు ఉంది కదా, 7వ శతాబ్దంనాటిది. అది అర్జునుడి తపస్సని కొందరు, భగీరథుడి తపస్సని కొందరు అంటారు. తాతకు ఆ తేడా అక్కర్లేదు, చూడగానే అర్జునుడే అన్నాడు. ఒంటికాలి మీద నిలబడి, చేతులు పైకెత్తి, డొక్కలు ఎండిపోయి ఉంటాడు. తాత చాలాసేపు చూశాడు. ఎండగా ఉంది, నీడకు రమ్మంటే రాలేదు. "ఈయన నిజంగానే తిండి మానేసినాడు పాపా" అన్నాడు. తన సాటి పనివాణ్ణి మెచ్చుకున్నట్టు. తర్వాత కిందికి చూపించాడు. అక్కడ ఒక పిల్లి ఉంటుంది, మీరు చూసే ఉంటారు. అదీ ముందుకాళ్ళు పైకెత్తి తపస్సు చేస్తుంటుంది, చుట్టూ ఎలుకలు. తాత ఆ పిల్లినే చూస్తూ, "ఇది పొడి ఏసినాది" అన్నాడు. పదమూడేళ్ళ తర్వాత మొదటిసారి నా ముందు ఆ పొడి మాట తెచ్చాడు.

మా అవ్వ గురించి చెప్పకపోతే ఇదంతా సగం మాటే అవుతుంది. ఆయన కొప్పెర దగ్గర నిలబడితే, గుండంలో చెరుకు పిప్పి తోసేది ఆమె. మంట ఎక్కువైతే పాకం మాడుతుంది, తగ్గితే జిగురైపోతుంది. ఆ మంట చూసుకున్నది ఆమె. 118 డిగ్రీలు అని ఇందాక తాత గొప్పగా చెప్పాను కదా, అందులో సగం అవ్వది. ఆయన ఒక్కపొద్దు ఉంటే ఆమె కూడా ఉండేది, ఎవరూ లెక్కపెట్టలేదు. ఆయన మాను ఎక్కేటప్పుడు కింద నిలబడి తలెత్తి చూసేది కాదు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూసేది. ముప్పై రెండుసార్లు. ఆమె తాతకన్నా నాలుగేళ్ళు ముందు పోయింది. ఆ తర్వాత ఆయన గానుగ కాడికి వచ్చినా కొప్పెర పక్కన కూర్చోలేదు, గుండం పక్కన కూర్చునేవాడు.

తాత 2021 నవంబరులో పోయాడు. ఆ నవంబరు వానలు మీకెవరికీ చెప్పక్కర్లేదు. ఇక్కడ తిరుపతిలో వీధులన్నీ ఏరులయ్యాయి, కొండ మీద ఘాట్ రోడ్డులో బండలు పడ్డాయి. అక్కడ చిత్తూరులో నీవా నది పొంగింది. నాయన ఫోన్ చేసి, "పాపా, తాతకి బాగలేదు" అన్నాడు. బయలుదేరాను. దారి లేదు. వెనక్కి వచ్చాను. మర్నాడు మళ్ళీ బయలుదేరాను. నేను పోయేసరికి అంతా అయిపోయింది. ఎనభై ఏడేళ్ళు, నిద్రలో పోయాడు, బాధ పడలేదు అన్నారు అందరూ. నిజమే. కానీ నేను ఆ చేతులు ఒకసారి పట్టుకోవాలనుకున్నాను.

కర్మాంతరం అయ్యాక ఆయన పెట్టె తీశాం. రెండు పంచెలు, గజ్జెలు, ఎండిపోయిన అర్దళం ఉన్న కొబ్బరి చిప్ప, చేతి అద్దం. అడుగున ఒక పౌడరు డబ్బా. అందులో కాగితంలో చుట్టిన డబ్బు. ఒక ఐదు వందల నోటు, మూడు వంద నోట్లు. ఐదు వందలది పాతది, చెల్లనిది. కాగితం మీద ఆయన అక్షరాలు, పెద్దపెద్దవి, వంకర. "పొడి బెల్లం ఎచ్చు దుడ్డు."

ఎనిమిది వందల కిలోలు, కిలోకు రూపాయి. పాతికేళ్ళు.

ఖర్చు పెట్టలేదు. దేవుడి హుండీలో వేయలేదు, అది కూడా తప్పనుకున్నాడేమో. వ్యాపారికి తిరిగి ఇస్తే తీసుకునేవాడు కాదు. అట్లా పెట్టేశాడు. నాకు ఇంకొకటి గుర్తొచ్చింది. 2016 నవంబరులో పాత నోట్లు రద్దయినప్పుడు నాయన ఇల్లంతా అడిగాడు, ఎవరి దగ్గరైనా ఐదు వందలు, వెయ్యి ఉంటే ఇవ్వండి, బ్యాంకులో మార్పించుకొస్తాను అని. తాతనూ అడిగాడు. నేను పక్కనే ఉన్నాను. "నా దుడ్డు ఏమీ లేదు" అన్నాడు తాత. అబద్ధం చెప్పలేదు, ఇప్పుడు ఆలోచిస్తే. నా దుడ్డు లేదన్నాడు.

నాయన ఆ కాగితం చదివి, డబ్బా మూసి, బయటికెళ్ళి గానుగ కాడ చాలాసేపు కూర్చున్నాడు. నేనూ వెళ్ళి కూర్చున్నాను. వాన అప్పటికి తెరిపిచ్చింది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. ఆ డబ్బా ఇప్పుడూ ఆ పెట్టెలోనే ఉంది.

ఇప్పుడు మా పొలంలో ఎక్కువ భాగం మామిడి. బోర్లు ఎండిపోయాక చెరుకు నిలబడలేదు. మా తమ్ముడు ఒక ఎకరా మాత్రం చెరుకు ఉంచుకున్నాడు. ఆ కొప్పెరలోనే వండుతున్నాడు. బెండ జిగురే పోస్తున్నాడు. పాకం మాత్రం థర్మామీటరుతో చూస్తున్నాడు, నేనే కొనిచ్చాను. వాడి వేలిముద్రలు వాడికి ఉండాలి కదా.

ఈ సంక్రాంతికి వండిన బెల్లం తెచ్చాను. ఆ తలుపు పక్కన బల్ల మీద తట్టలో పెట్టాను. నల్లగానే ఉంటుంది. వేరుశెనగ గింజలు కూడా వేయించి తెచ్చాను, రెండూ కలిపి తింటే బాగుంటుంది. పెద్దవాళ్ళకు ముందు ఇవ్వండమ్మా. పిల్లలూ, మీరూ తీసుకోండి, అయిపోయేదాకా ఎవరూ వెళ్ళొద్దు.